మా బావ తడిపెట్టె

మా బావకు ఎండడమంటే గిట్టదు. చెట్లు ఎండనీ, చెరువులు ఎండనీ, తన మాటలు విని విని ఎదుటివాడి ప్రాణం ఎండనీ, ఆయనకేం పట్టదు. రంగు మాత్రం ఎండకూడదు. తన పెట్టెలో ఆవగింజంత రంగు ఆరిందంటే ఆ రోజు ఇంట్లో ఎవరో పోయినట్టే. మా అక్కను చేసుకుని పద్దెనిమిదేళ్ళయింది. ఈ పద్దెనిమిదేళ్ళలో నన్ను "ఎలా ఉన్నావురా" అని అడిగిన పాపాన పోలేదు. కనపడగానే "తడి ఎలా ఉందో ఓసారి చూడు" అంటాడు.

రంగులెందుకంటే, బొమ్మలకు. బొటనవేలి ఎత్తు సైనికులు, వాళ్ళకు గుండుసూది తలంత ముక్కులు, ఆ ముక్కుల కింద మీసాలు. ఆ మీసాలకు మా బావ మూడు వెంట్రుకల కుంచెతో రంగు వేస్తాడు. ప్రతి ఆదివారం టైర్ల కొట్టు పైనున్న గదిలో ఆయనలాంటివాళ్ళు ఓ పదిమంది చేరతారు. పెద్ద బల్ల మీద బొమ్మల్ని బారులు తీర్చి, పాచికలు వేసి, టేపుతో దూరాలు కొలిచి యుద్ధాలు చేస్తారు. అందరూ పెళ్ళాం పిల్లలున్నవాళ్ళే. వాళ్ళ అధ్యక్షుడు పళ్ళ డాక్టరు కూడాను. ఆ సంఘానికి మూడే నియమాలు. రంగు వేయని బొమ్మ బల్ల ఎక్కకూడదు. ఎవరి బొమ్మలకు వాళ్ళే రంగు వేసుకోవాలి. పటాలమంతా ఒకే రంగు కోటు తొడుక్కోవాలి. దేశాల మధ్య ఒప్పందాలైనా తప్పుతాయి గానీ ఈ మూడూ తప్పవు.

ఇక ఆ పెట్టె. మూత బిగుతుగా పట్టే పలచటి డబ్బా అది. అడుగున స్పాంజి, దాని నిండా నీళ్ళు, పైన బటర్ పేపరు, పేపరు మీద చుక్కలు చుక్కలుగా రంగులు. కింది తడి పేపరులోంచి పైకి పాకి రంగును ఆరనివ్వదు. బూజు పట్టకుండా మూలన ఓ రాగి ముక్క. మా అక్క కూరగాయల కోసం కొనుక్కున్న డబ్బా పాపం, వంటింటి మొహం చూడకుండానే ఉద్యోగంలో చేరిపోయింది. తడిపెట్టె అని ఆయనే పేరు పెట్టాడు.

ఇందులో విడ్డూరమేమిటంటే, మా బావది లాండ్రీ. పొద్దున్నుంచి సాయంత్రం దాకా జనం బట్టలు ఆరబెట్టడమే ఆయన బతుకుతెరువు. ఆరు యంత్రాలు వేడిగాలి కక్కుతుంటే ఆ సెగ తగలకుండా పెట్టెను తడిబట్టల బుట్టలో దాచుకుంటాడు. ఒకసారి అది ఎవరిదో దుప్పట్ల మూటలో కలిసి వెళ్ళిపోయింది. మా బావ ఆ ఇంటికి పరుగెత్తి తలుపు బాదాడు.

"ఏమండీ, మీ దుప్పట్లు తడిగా ఉన్నాయా?"

"లేదండీ, చక్కగా ఆరాయి."

"అయ్యో!" అంటూ గుమ్మంలో కూలబడ్డాడు. ఇంత నిజాయితీగల లాండ్రీవాడిని నేనెక్కడా చూడలేదని ఆ ఇంటావిడ వీధంతా చెప్పింది. పెట్టె మాత్రం క్షేమంగా దొరికింది లెండి.

ఇంట్లో ఫ్యాను నిషేధం. గాలి రంగుకు శత్రువు. వేసవిలో కిటికీలకు తడి దుప్పట్లు వేలాడతాయి. ఉప్పు డబ్బాలో ఉప్పు రాయై కూర్చుంటుంది, మా అక్క సుత్తితో కొట్టి కూరలో వేస్తుంది. అగ్గిపుల్ల గీస్తే పుల్ల అరుగుతుంది గానీ మంట రాదు. ఎవరైనా చుట్టాలొచ్చి "గాలి ఆడట్లేదండీ" అన్నారంటే మా బావ మొహం వెలిగిపోతుంది.

"ఆడట్లేదా? నిజంగా? బొత్తిగా ఆడట్లేదా?"

"ఉక్కపోసి చస్తున్నామండీ!"

"సంతోషం. ఇంకో రెండు రోజులుండి వెళ్ళండి. మనుషులుంటే గాలిలో తడి పెరుగుతుంది."

మా అక్క నెత్తీ నోరూ కొట్టుకునేది. "నేను ఆవిరైపోయినా ఈయనకు బెంగ లేదురా. ఆ ఆవిరి పెట్టె మీదికి మళ్ళుతుందా లేదా అని చూస్తాడంతే."

శనివారం సీసాల కసరత్తు. నూట నలభైమూడు రంగు సీసాలు. వారమంతా కదలకుండా ఉంటే రంగు అడుగున గడ్డకడుతుందని ఒక్కోదాన్నీ వందసార్లు ఊపాలి. సగం ఆయన, సగం నేను. నేనేం పాపం చేశానో నాకు తెలియదు, ఆ పెళ్ళికి అడ్డు చెప్పలేదు, అంతే. భుజం పట్టేసి డాక్టరు దగ్గరికి వెళితే, "ఏం ఆట ఆడతారు?" అన్నాడాయన. "నేను ఆడనండీ, మా బావ ఆడతాడు, నేను ఊపుతాను" అన్నాను. ఆయన కాగితం మీద ఏదో రాసి, తల ఎక్స్‌రే కూడా తీయించుకోమన్నాడు.

పెట్టె లేకుండా బయటికి కదలడు. ఒకసారి మేమిద్దరం వెళితే బ్యాంకు గుమ్మంలో కాపలావాడు ఆపాడు.

"పెట్టెలో ఏముంది?"

"తడి."

"తడి అంటే?"

"తడంటే తడే. మూత తీయమంటావా? తీస్తే ఆరుతుంది. ఆరితే నువ్వు జవాబుదారీ."

కాపలావాడు మేనేజరును పిలిచాడు. మేనేజరు వచ్చి చూసి ఇంకో మేనేజరును పిలిచాడు. చివరికి నలుగురు ఉద్యోగులు చుట్టూ వంగి నిలబడ్డారు, వాళ్ళ ఊపిరి రంగుకు తగలకుండా మా బావ చేతిరుమాలు అడ్డం పెట్టాడు. ఏ పని మీద వెళ్ళామో ఇద్దరం మర్చిపోయి తిరిగొచ్చేశాం.

ఇవన్నీ ఎలాగో భరించొచ్చు. భరించలేనిది ఆ నీలం. పెట్టెలో కుడివైపు మూలన చొక్కా బొత్తామంత నీలం రంగు ఒకటి ఉండేది. మిగతా రంగులు వస్తాయి, పోతాయి. ఇది మాత్రం పదకొండు నెలలుగా అక్కడే ఉంది. ఎలా బతికిందో దానికే తెలియాలి. పొద్దున ఎనిమిది చుక్కల నీళ్ళు, సాయంత్రం ఎనిమిది. మా బావ సైన్యమంతా ఎర్రకోట్లు. నీలం గుడ్డపీలిక కట్టుకున్నవాడు ఒక్కడు లేడు.

"మరి ఈ నీలం ఎవరికి బావా?"

"అది అడగకు."

"పారేసి కొత్తది కలుపుకోవచ్చుగా?"

"నోరు కడుక్కో!"

నోట్లో నువ్వుగింజ నానని మనిషి. మా ఇంటి విషయాలు లాండ్రీకి వచ్చే ప్రతివాడికీ తెలుసు. అలాంటివాడు నీలం దగ్గరికొచ్చేసరికి నోటికి తాళం వేసుకునేవాడు. మా అక్క కూడా అడిగి అడిగి మానేసింది. ప్రతి గురువారం మధ్యాహ్నం లాండ్రీ మూసేసి, పెట్టె పట్టుకుని ఎక్కడికో వెళ్ళేవాడు. ఎక్కడికంటే "తడికి" అనేవాడు.

ఇలా ఉండగా ఆయనకు పిత్తాశయంలో రాళ్ళు పడ్డాయి. ఆపరేషను తప్పదన్నారు, మూడు రోజులు ఆసుపత్రి. ఆయనకు కత్తి భయం లేదు, మత్తుమందు భయం లేదు. "మూడు రోజులా? పెట్టెను లోపలికి రానిస్తారా?" అన్నాడు డాక్టరుతో. రానివ్వనన్నాడు డాక్టరు. ఆపరేషను గదిలోకి తోసుకెళ్తుండగా నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కున్నాడు. ఏదైనా ఆఖరి మాట చెబుతాడేమోనని చెవి ఆయన నోటికి దగ్గరగా పెట్టాను.

"ఒరేయ్ బావమరిదీ. పొద్దున ఎనిమిది చుక్కలు, సాయంత్రం ఎనిమిది. ఆ నీలం పోతే నేను బతికీ దండగే. మీ అక్కకు చెప్పకు. నిన్నొక్కడినే నమ్మాను."

నాకు కళ్ళు చెమర్చాయి. అక్కను కాదని నన్ను నమ్మాడు మహానుభావుడు! పొద్దునా సాయంత్రం అక్క వంటింట్లో ఉన్నప్పుడు పిల్లిలా వెళ్ళి, చుక్కల గొట్టంతో ఎనిమిది లెక్కపెట్టి వేసి వచ్చేవాడిని.

మూడో రోజు, గురువారం పొద్దున వెళ్ళేసరికి గదిలో మా అక్క పెట్టె మీద వంగి ఉంది. చేతిలో చుక్కల గొట్టం. ఇద్దరం ఒకరినొకరు చూసుకుని కొయ్యబారిపోయాం.

"నువ్వేంటక్కా ఇక్కడ?"

"నువ్వేంట్రా ఇక్కడ?"

"బావ నన్నొక్కడినే నమ్మాడు."

"నన్నొక్కదాన్నే నమ్మానన్నాడే! తమ్ముడికి చెప్పకు, వాడు మతిమరుపు మేళం అన్నాడు!"

ఇంతలో మెట్ల మీద అడుగుల చప్పుడు. పైవాటాలో ఉండే టీచరమ్మ గారు. చేతిలో కంటిమందు వేసుకునే గొట్టం. మమ్మల్ని చూసి వెనక్కి తిరగబోయి, ఆగి, నిట్టూర్చారు. "నన్నొక్కదాన్నే నమ్మానని ఆసుపత్రి నుంచి ఫోను చేశారండీ" అన్నారు.

మూత తీశాం. పెట్టె కాదది, కొలను. స్పాంజి పడవలా తేలుతోంది. నీలం తన మూల వదిలిపెట్టి షికారుకు బయల్దేరి, దారిలో పసుపును కలుసుకుని, ఇద్దరూ ఒకటై పచ్చగా కాపురం పెట్టేశారు. పదకొండు నెలలు బతికిన నీలాన్ని ముగ్గురం కలిసి మూడు రోజుల్లో ముంచి చంపాం.

"ఏం చేద్దామే అక్కా?"

"చేసేదేముంది? ఆయన్ని మళ్ళీ ఆసుపత్రిలో పడుకోబెట్టడమే."

మధ్యాహ్నానికి బావ ఇంటికి వచ్చాడు, పొట్ట పట్టుకుని, సగానికి వంగి. కుర్చీలో కూర్చోకముందే అడిగాడు.

"తడి ఎలా ఉంది?"

మా అక్క అబద్ధమాడదు. "తడికేమండీ, బ్రహ్మాండంగా ఉంది. తడి తప్ప ఇంకేం లేదు" అంది.

మూత తీసి చూశాడు. అరుస్తాడనుకున్నాను. పెట్టె నా నెత్తిన కొడతాడేమోనని ఒకడుగు వెనక్కి కూడా వేశాను. ఆయన మూత మళ్ళీ పెట్టేసి, పెట్టెను ఒళ్ళోకి తీసుకున్నాడు.

"ఈ రోజు గురువారం. ఇంకొక్కడే మిగిలాడు. ఆదివారం ఆట" అన్నాడు.

"ఎవడు మిగిలాడు? సరిగ్గా చెప్పండి" అంది అక్క.

అప్పుడు చెప్పాడు. సంఘంలో గడియారాలు బాగుచేసే పెద్దాయన ఒకరున్నారు. అరవైమంది పటాలం ఆయనది, నీలం కోట్లు. నలభై ఎనిమిది మందికి రంగు వేశాక ఆయన కుడిచేతికి వణుకు పట్టుకుంది. చేయి సరిగ్గా ఉన్న ఆఖరి రోజున తన నీలం తనే కలుపుకున్నాడు, కొలతా పాడా లేకుండా, కంటి అంచనాతో. మళ్ళీ కలుపుదామంటే చుక్క వేయబోయిన చోట ఐదు పడుతున్నాయి. పటాలమంతా ఒకే రంగు ఉండాలి, ఎవరి బొమ్మకు వాళ్ళే వేసుకోవాలి. పన్నెండు మంది మిగిలిపోయారు. పటాలం నిండకుండా బల్ల ఎక్కించడానికి పెద్దాయనకు మనసు రాదు. చేయి వణుకుతోందని నలుగురిలో చెప్పుకోవడం అంతకంటే నామోషీ. ఆదివారాలు రావడం మానేశాడు.

"అందుకని గురువారాలు నేను వెళ్తున్నాను" అన్నాడు బావ.

"వెళ్ళి? మీరు వేస్తున్నారా?"

"ఛ! నియమం ఒప్పుకోదు. నేను బొమ్మను పట్టుకుంటానంతే. ఆయన కుంచె ఎటు వణికితే బొమ్మను అటు వణికిస్తాను. అప్పుడు రెండూ కలిసి నిలకడగా ఉన్నట్టే. పట్టుకోకూడదని ఎక్కడా రాసిలేదు. నెలకొకడు తయారవుతున్నాడు. పదకొండు మంది అయ్యారు. సంఘంలో ఎవరైనా పెద్దాయన రావట్లేదేమని అడిగితే, రంగు నా దగ్గర ఉంది, ఇంకా పదునుకు రాలేదు, ఆలస్యం నాదే అని చెబుతున్నా."

మా అక్క కళ్ళు తుడుచుకుని, ఆ తుడుచుకున్నందుకు ఆయన మీదే కోపం తెచ్చుకుంది. "ఈ మాట పదకొండు నెలల క్రితం చెప్పి ఏడవొచ్చుగా! నేనేదో పిచ్చి అనుకున్నాను."

"పిచ్చి కూడా ఉందిలే" అన్నాను నేను.

"నవ్వించకు, కుట్లు లాగుతున్నాయి" అన్నాడు బావ.

ముగ్గురం బయల్దేరాం. నాలుగు వీధుల దూరం. బావ వంగి నడుస్తున్నాడు, నేను కొలను తొణక్కుండా రెండు చేతులా మోస్తున్నాను, అక్క ముందు నడుస్తూ "తప్పుకోండి, తప్పుకోండి" అంటోంది. ఏదో మందుగుండు తీసుకెళ్తున్నారనుకుని ఒకాయన పక్క సందులోకి దూరాడు.

పెద్దాయన కొట్టు ఒక తలుపంత వెడల్పు. గోడ నిండా గడియారాలు, ఏ రెండూ ఒక సమయం చూపించవు. ఆయన కంటికి భూతద్దం బిగించుకుని, ఆఖరి సైనికుణ్ణి సీసా బిరడా మీద అతికించి, కుంచె కడిగి సిద్ధంగా కూర్చున్నాడు. ఎడమచెయ్యి కుడిచేతిని పట్టుకుని ఉంది. మమ్మల్ని చూసి ఆ రెండు చేతుల్నీ బల్ల కిందికి దాచుకున్నాడు.

"అబ్బాయ్, నా చేతి సంగతి ఎవరికీ చెప్పలేదుగా?"

"చెప్పలేదు బాబాయి గారూ. అరగంట క్రితం దాకా చెప్పలేదు."

బావ పెట్టె ముందుపెట్టి మూత తీశాడు. పెద్దాయన వంగి చూశాడు. గోడ మీద గడియారాలన్నీ టిక్కుటిక్కుమంటున్నాయి.

"ఇది నా నీలం కాదు" అన్నాడాయన.

"తప్పు నాది బాబాయి గారూ. ఒకరికి చెప్పాల్సింది ముగ్గురికి చెప్పాను. ఆదివారానికి ఇంకేదైనా..." అన్నాడు మా బావ, పెట్టె మూత చేతిలో తిప్పుతూ.

పెద్దాయన భూతద్దం సవరించుకుని ఆ పచ్చదనాన్ని మళ్ళీ చూశాడు. "పటాలంలో యాభై తొమ్మిది మంది సైనికులున్నారు. వాళ్ళకు వండిపెట్టేవాడు ఎవడూ లేడు. పదకొండు నెలలుగా పస్తులుంటున్నారు పాపం. వీడు వంటవాడు" అన్నాడు.

"వంటవాడికి పచ్చకోటు ఉండొచ్చా?" అన్నాను.

"పచ్చకోటు కాదది. ఆకుకూరలు తరిగి తరిగి అలా అయింది."

మా బావ పొట్ట పట్టుకుని గోడకు ఆనుకున్నాడు. నవ్వుకో ఏడుపుకో చెప్పలేను, కుట్లకు మాత్రం రెండూ ఒకటే. చెయ్యి ఎత్తలేని స్థితి. బొమ్మ పట్టుకునే పని నామీద పడింది.

"ఆయన చెయ్యి వణకట్లేదు, లోకం వణుకుతోంది అనుకో. నువ్వు లోకంతోపాటు వెళ్ళు" అని బావ బోధించాడు.

వెళ్ళాను. లోకం ఒకవైపు వెళ్ళింది, నేను ఇంకోవైపు వెళ్ళాను. కోటు రంగు చెవికి పడింది. "ఇటివ్వరా" అని అక్క బిరడా లాక్కుంది. ఒక్క నిమిషం పెద్దాయన చేతిని గమనించి, దాంతోపాటు ఊపడం మొదలుపెట్టింది. కుంచె కోటు మీద మెత్తగా సాగింది. మా బావ నోరు తెరుచుకుని చూశాడు.

"నీకెలా వచ్చిందే ఇంత త్వరగా? నాకు రెండు నెలలు పట్టింది!"

"పద్దెనిమిదేళ్ళుగా మీతో కాపురం చేస్తున్నాను. వణకడం నాకు ఒకరు నేర్పాలా?"

ఆదివారం పెద్దాయన పటాలం బల్ల దగ్గరికి వచ్చింది. ఏడాది తర్వాత వచ్చిన మనిషి కాబట్టి అందరూ లేచి నిలబడ్డారు. అధ్యక్షుడు పళ్ళ డాక్టరు చిన్న దీపం పట్టుకుని ఒక్కొక్కడినీ పరీక్షించాడు, అందరి నోళ్ళూ చూస్తున్నాడేమో అనిపించింది. అరవయ్యోవాడి దగ్గర ఆగిపోయాడు.

"ఈ పచ్చకోటు ఎవరు?"

"వంటవాడు."

"వంటవాడి చేతిలో తుపాకీ ఎందుకు?"

"వంట బాగాలేదన్నవాళ్ళ కోసం."

డాక్టరు నియమాల కాగితం తెప్పించి రెండుసార్లు చదివాడు. తల గోక్కున్నాడు. "వంటవాడి కోటు గురించి ఇందులో ఏమీ లేదు. బల్ల ఎక్కించండి" అన్నాడు. గది మొత్తం చప్పట్లు. మా బావ చప్పట్లు కొట్టబోయి, కుట్లు గుర్తొచ్చి, నా వీపు మీద కొట్టాడు.

తర్వాత జరిగింది వినండి. పదకొండు నెలలు ఆ పటాలం కోసం తడి కాపాడిన మా బావ, ఎదురువైపు తన ఎర్రకోట్లను నిలబెట్టి, ఇరవై నిమిషాల్లో పెద్దాయన అరవైమందినీ తుడిచిపెట్టేశాడు. కనికరమనే మాట లేదు. అక్క ఉండబట్టలేక "కాస్త చూసి ఆడొచ్చుగా! పెద్దాయన!" అని గదమాయించింది.

"ఆట ఆటే. జాలిపడి ఆడితే ఆయన మళ్ళీ నా మొహం చూడడు" అన్నాడు బావ.

పెద్దాయన మొహం చూస్తే గెలిచింది ఆయనేమో అనిపించేలా ఉంది. "చూశావా అమ్మా, మావాళ్ళు ఎంత అందంగా పడిపోయారో! రంగు వేయకుండా చచ్చి ఉంటే ఎవరైనా చూసేవాళ్ళా?" అన్నాడు మా అక్కతో. అని, సంచిలోంచి కొత్త డబ్బా ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. ఆశ్విక దళం. ఇరవై నాలుగు గుర్రాలు, ఇరవై నలుగురు రౌతులు, రంగు లేకుండా.

మా అక్క వేళ్ళమీద లెక్కపెట్టింది. "నెలకొకటి అంటే రెండేళ్ళు! ఎందుకంత? గురువారాలు నేనూ వస్తాను. ఇద్దరం చెరొకటి పట్టుకుంటే ఏడాదిలో తేలిపోతుంది."

పెద్దాయనా మా బావా ఒకేసారి తలలు తిప్పి చూశారు. ఏదో అనకూడని మాట అన్నట్టు ఇద్దరి మొహాలూ వాడిపోయాయి.

"ఏడాదిలో అయిపోతే మిగతా గురువారాలు నేనేం చేసుకోనమ్మా?" అన్నాడు పెద్దాయన నెమ్మదిగా.

అక్క ఆ డబ్బా చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, చాలా శ్రద్ధగా పరిశీలించింది.

"నా లెక్కే తప్పండీ, గుర్రం వేరు, మనిషి వేరు కదా! రెండూ కలిపి ఒక నెలలో ఎలా అవుతాయి? తక్కువలో తక్కువ నాలుగేళ్ళు" అంది.